బ్రేక్ వ్యానులో వచ్చిన పూలు

మా నాయన రైల్వే గార్డు. ఉద్యోగం మొత్తం గుంతకల్లులోనే గడిచింది. ఎనభైల్లో రైల్వే కాలనీలో మేమున్న క్వార్టర్స్ వెనక ఒక పెద్ద వేపచెట్టు, దాని కింద చిన్న పెరడు ఉండేవి. మల్లె, కనకాంబరం, చేమంతి అందరిండ్లలో ఉండేవే. మా ఇంట్లో అవి అమ్మవి. నాయనవి వేరే. మెక్సికో అడవుల్లో చెట్టుకొమ్మల మీద బతికేది ఒకటి, కొలంబియా నుంచి బయల్దేరి కేరళ మీదుగా వచ్చింది ఒకటి, ఆఫ్రికా గడ్డ ఒకటి, పడమటి కనుమల ఆర్కిడ్ ఒకటి. ఇవన్నీ అనంతపురం జిల్లాలో, వంతులవారీగా వచ్చే కొళాయి నీళ్ళతో పెరిగినాయి.

మన జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే కుమ్మరించి, ఇటు దిగేసరికి ఖాళీ అయిపోతాయి. ఈశాన్య వానలు కోస్తాను తడిపి మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. అదే కనుమల్లో ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటుతుంది. అట్లాంటి తడిలో పుట్టినవాటిని తెచ్చి మే నెల గుంతకల్లులో పెడితే ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు. ఆకులు అంచుల నుంచి కాలి, వారంలో మాడిపోతాయి. నాయన దగ్గర మాడలేదు. ఎందుకు మాడలేదో చెప్పుకోవాలనే ఇదంతా రాస్తున్నా.

"మొక్క యాడిదో ముందు తెలుసుకోవాల పాపా. దాని ఊర్లో అది ఎట్ల బతుకుతాందో తెలిస్తే, ఈడ ఎన్ని నీళ్ళు పొయ్యాలో, యాడ పెట్టాలో అదే చెప్తాది" అనేవాడు.

అందుకోసం నా స్కూలు అట్లాసు తీసుకునేవాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఇంగ్లీషు తోటపని పుస్తకాలు కొన్ని ఉండేవి. వాటిలో మొక్క ఊరు వెతికి, అట్లాసులో ఆ దేశం మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవాడు. మెక్సికో, కొలంబియా, బ్రెజిల్, కెన్యా నాకు పాఠాల్లో కంటే ముందు ఆ చుక్కల్లో తెలుసు. చుక్క పెట్టినాక అక్కడ వాన ఎప్పుడు, ఎండ ఎంత, మొక్క నేల మీద పెరుగుతుందా, చెట్టు మీదా, పెద్ద చెట్ల నీడలోనా, ఇవన్నీ చూసేవాడు. ఆ తరువాతే కుండీ.

ఇక మొక్కలు రావడం. అప్పట్లో గుంతకల్లు నుంచి హోస్పేట, హుబ్లీ, లోండా మీదుగా వాస్కో దాకా మీటర్ గేజ్ లైను. గార్డులు ఒక్కొక్కరు కొంత దూరమే పోతారు. ఆ తరువాత ఇంకో గార్డు ఎక్కుతాడు. నాయన హోస్పేట దాకా పోయేవాడు. హోస్పేట గార్డుకు పరిచయమైన హుబ్లీ గార్డు, ఆయనకు తెలిసిన లోండా గార్డు. ఈ వరసలో ఒక పిలక చేతులు మారుతూ గూడ్సు బండి చివర గార్డు ఉండే బ్రేక్ వ్యానులో మా ఇంటికి చేరేది. తడి గోనెసంచిలో చుట్టి, పైన అరటి పట్టతో కట్టి, తాడుకు ఒక చీటీ వేలాడేది. చీటీలో కన్నడంలోనో ఇంగ్లీషులోనో రెండే మాటలు: ఎండా, నీడా. ఇనుప రాయి బండ్ల మీద పోయి ఎర్ర దుమ్ముతో ఇంటికొచ్చే నాయన, చేతులు కడుక్కోకుండానే ఆ సంచి విప్పేవాడు. అమ్మ అన్నం పెట్టుకొని కూర్చునేది.

అమ్మకు ఆ మొక్కల మీద కోపం లేదు గానీ నీళ్ళ మీద బెంగ ఉండేది. "తాగేదానికి లేకుంటే ఈ పూలకు యాడ తెచ్చేది?" అని అడిగేది. న్యాయమైన మాట. నాయన దానికి జవాబు మాటల్లో చెప్పలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక తొట్లో. బట్టలు జాడించిన చివరి నీళ్ళు ఇంకో తొట్లో. తాగే నీళ్ళలోంచి ఒక్క చెంబు కూడా ముట్టేవాడు కాదు. ఏ తొట్టి నీళ్ళు ఏ మొక్కకో మా పిల్లలందరికీ కంఠతా వచ్చు. కడుగు నీళ్ళు ఆంథూరియానికి, జాడించిన నీళ్ళు హెలికోనియాకు. అటుదిటు చేస్తే నాయన కంటే ముందు మా అవ్వ కేకలేసేది.

ఆంథూరియం మా పక్కింటి మలయాళీ కుటుంబం ఊరికి పోయి వస్తూ తెచ్చి ఇచ్చింది. ఎర్రగా, మెరుస్తూ, హృదయం ఆకారంలో ఉండేదాన్నే అందరం పువ్వు అంటాం. అది ఆకు జాతిదే. అసలు పువ్వులు మధ్యలో నిలబడిన కాడ మీద ఇసుక రేణువులంత ఉంటాయి. నాయన భూతద్దంతో చూపించాడు. దానికి కావాల్సింది గాలిలో తడి. గుంతకల్లు గాలిలో అది ఎక్కడిది? వంటింటి బయట కట్టె స్టాండు మీద మా తాగే నీళ్ళ కుండలు ఉండేవి. మట్టి కుండ రోజంతా చెమరుస్తుంది, అడుగు నుంచి బొట్టు బొట్టు కారుతుంది. సరిగ్గా ఆ కుండల కిందే ఆంథూరియం పెట్టాడు. ఎండాకాలమంతా అది ఆ చెమ్మలోనే బతికింది. ఇంట్లో అందరికంటే చల్లటి చోటు దానిదే.

కుండీల్లో వేసే మట్టి కూడా మట్టి కాదు. ఆవిరి ఇంజన్లు ఇంకా నడుస్తున్న రోజులవి. లోకో షెడ్డు దగ్గర ఇంజన్ల నుంచి దులిపిన కాలిన బొగ్గు పెళ్ళలు గుట్టలుగా పడి ఉండేవి. నాయన వాటిని జల్లించి, గోలీకాయంత పెళ్ళలు ఏరుకొచ్చి, బకెట్‌లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ కడిగేవాడు. నీళ్ళు తేటగా వచ్చేదాకా వాడేవాడు కాదు. వాటికి కొబ్బరి పీచు ముక్కలు కలిపి ఆంథూరియానికి వేశాడు. ఆ పెళ్ళల నిండా సన్నని రంధ్రాలు. కొంచెం నీళ్ళు పట్టి ఉంచుతాయి, మిగతాది వదిలేస్తాయి, వేర్లకు గాలి ఆడుతుంది. ఇప్పుడు నర్సరీల్లో ఆర్కిడ్ మిక్స్ అని సంచుల్లో అమ్మేది చూసినప్పుడల్లా నాకు లోకో షెడ్డే గుర్తొస్తుంది.

ఆర్కిడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. వానలకు విరిగిపడిన ఒక కొమ్మ మీద దొరికిందని లోండా వైపు నుంచి పంపించారు. కన్నడంలో సీతాళె దండె అంటారు. శాస్త్రీయంగా రింకోస్టైలిస్ రెటూసా. అస్సాం రాష్ట్ర పుష్పం అదే. మా ఇంటికి వచ్చినప్పుడు నాలుగు తోలు పట్టీల్లాంటి ఆకులు, వేలాడే లావు వేర్లు, అంతే. దానికి మట్టి అక్కర్లేదు. నాయన వేపచెట్టు కాండానికి ఉత్తరం వైపు, నా తల ఎత్తులో, కొబ్బరి పీచు పరిచి దాన్ని నూలు గుడ్డతో కట్టాడు. చెట్టు రసం అది తాగదు, కూర్చోవడానికి చోటు మాత్రమే అడుగుతుంది. వేప ఉగాది నాటికి కొత్త చిగుళ్ళతో నిండిపోతుంది కాబట్టి మండే ఎండల్లో దానికి నీడ తప్పదు. అది కూడా లెక్కలోదే.

సాయంత్రం పూట నీళ్ళు చల్లే పని నాది. వేర్లు పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులో, సున్నం పూసినట్టు తెల్లగా ఉంటాయి. చేత్తో నీళ్ళు చిలకరిస్తే బొట్టు పడిన చోటే మొదట పచ్చబడుతుంది. ఒక చుక్క, ఇంకో చుక్క, చూస్తుండగానే ఆ పచ్చదనం పాకి వేరంతా ఆకుపచ్చగా మారుతుంది. తెల్లటి పై పొర నీళ్ళు పీల్చుకొని గాజులా తేరుకుంటే లోపలి పచ్చ బయటపడుతుంది. అట్లా మారేదాకా చల్లి, మారగానే ఆపమన్నాడు నాయన. ఎన్ని నీళ్ళు అని అడగాల్సిన పని లేదు. పొద్దు గూకే వేళ ఆ వేర్లు రంగు మారడం చూడటం కోసం ఆటలు వదిలిపెట్టి వచ్చేదాన్ని.

అది ఏండ్ల తరబడి పూయలేదు. ఆకులు పెరిగాయి, వేర్లు చెట్టును పట్టుకున్నాయి, గుడ్డ కుళ్ళి రాలిపోయింది. ఒక వేసవి చివర, ముంగారు జల్లులకు ముందు, ఆకుల మధ్యలోంచి ఒక గెల కిందికి దిగింది. తెల్లటి పూలు, ఒక్కో పువ్వు మీద లేత వంకాయరంగు చుక్కలు, సందు లేకుండా అల్లుకొని జానెడు పైన వేలాడాయి. కాలనీలో అందరూ చూసిపోయారు. హుబ్లీ గార్డు డ్యూటీ మీద రాకపోయినా, పాసు రాయించుకొని పనిగట్టుకొని వచ్చి చూశాడు. ఇప్పుడు అడవుల్లోంచి ఆర్కిడ్లను పీకడం నేరం, చేయకూడదు కూడా. నర్సరీలో పెంచినవి దొరుకుతాయి, అవే కొనుక్కోండి.

హెలికోనియా అరటికి చుట్టం. అమెరికా ఉష్ణమండలం దాని ఊరు. నీళ్ళు పోసుకునే బచ్చలింటి వెనక జాడింపు నీళ్ళు పారే చోట పెట్టాడు. నీళ్ళకు లోటు లేదు గానీ మన ఆషాఢం గాలి దాన్ని బతకనివ్వలేదు. అనంతపురం జిల్లా గాలి తెలిసినవాళ్ళకు తెలుసు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆకులన్నీ పీలికలు. నాయన జొన్న దంటుతో దడి కట్టాడు, అప్పుడు నిలిచింది. ఎర్ర పసుపు రంగుల్లో పిట్ట ముక్కుల్లాంటి పూల వరస దిగితే తేనెపిట్టలు వచ్చేవి. దాని సొంత ఊర్లో దానికి హమ్మింగ్ బర్డ్స్ వస్తాయట, మన దేశంలో ఆ పిట్ట లేదు. ఆ పని మన తేనెపిట్ట చేస్తోందని నాయన ఎంత సంతోషపడ్డాడో.

కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం ఉండేది. వాళ్ళు ఊరు వదిలి పోతూ కుండీలన్నీ నాయనకు అప్పజెప్పారు. వాటిలో ఉన్నదే ఫుట్‌బాల్ లిల్లీ, కొందరు మే ఫ్లవర్ అంటారు. ఆఫ్రికా గడ్డ. కార్తీకం దాటితే ఆకులు పసుపెక్కి పడిపోతాయి. అప్పుడు నీళ్ళు పూర్తిగా ఆపి కుండీని అడ్డంగా పడుకోబెట్టాలి. చచ్చిపోయిందనుకొని అమ్మ దాన్ని పారబోయబోతే, ఆ ఇంటి ఆంటీ చెప్పిన మాట గుర్తుచేసి నాయన ఆపాడు. మే నెలలో ఒక్క జల్లు పడిందంటే బొటనవేలంత మొగ్గ నేల చీల్చుకొస్తుంది. వారంలో ఎర్రటి గుండ్రటి పూబంతి, దాంట్లో నూటికి పైగా చిన్న పూలు. నన్నడిగితే రాయలసీమ ఇండ్లలో అందరూ పెంచుకోదగ్గది ఇదే. ఆరు నెలలు నీళ్ళే అడగని పువ్వు ఇంకెక్కడుంది?

కృష్ణకమలం వరండా జాలీకి పాకించాం. పువ్వులో చుట్టూ ఉన్న పోగులు నూరుగురు కౌరవులు, వాటి మీద ఐదు కేసరాలు పాండవులు, పైన మూడు బ్రహ్మ విష్ణు మహేశ్వరులు అని అవ్వ చెప్పేది. దక్షిణ అమెరికా తీగలో ఇంత భారతం ఎట్లా సరిపోయిందో! ఆ ఆకుల మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేవి, ముళ్ళ గొంగళ్ళు తీగను సగం తినేసేవి. నాయన మందు కొట్టనివ్వలేదు. తీగ మళ్ళీ చిగురిస్తుందని తెలుసు. చిగురించేది కూడా.

ఏడాదికోసారి పాసు మీద బెంగళూరు పోయేవాళ్ళం, లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. మన గుత్తి కోటను మురారిరావు నుంచి పట్టుకున్న హైదరే. ప్రదర్శన జరిగే గాజు ఇంటికి 1889లో పునాది పడింది. జనం అందరూ పూలతో చేసిన బొమ్మల ముందు నిలబడితే, నాయన మాత్రం నాగమల్లి చెట్టు ముందు నిలబడేవాడు. కొమ్మలు వదిలేసి కాండం నుంచే పూసే చెట్టు. దాన్ని ఇంట్లో పెంచలేం కాబట్టి చూసి రావాలి అనేవాడు.

బ్రహ్మకమలం సంగతి చివరికి ఉంచుకున్నా, ఇష్టంగా చెప్పుకోవాలని.

పక్కింటి మలయాళీ ఆంటీ ఒక ఆకు తుంచి ఇచ్చింది, వాళ్ళు నిశాగంధి అంటారు. చూసేదానికి ఆకు, నిజానికి అది కాండం. జెముడు జాతిది, కానీ ఎడారిది కాదు, మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల మీద నీడలో పెరిగేది. జెముడే కదా అని ఎండలో పెట్టినవాళ్ళ మొక్కలు పసుపెక్కిపోయాయి. నాయన తూర్పు వరండాలో, పొద్దుటెండ మాత్రమే తగిలే చోట పెట్టాడు.

మొదటిసారి మొగ్గ వేసింది. ఆకు అంచున చిన్న గులాబీ ముక్కు, రోజురోజుకూ పొడుగై కిందికి వేలాడింది. పూసే రోజు దగ్గరపడితే మొగ్గ మెడ పైకి వంగుతుంది. నాయన రోజూ డ్యూటీ దిగి నేరుగా దాని దగ్గరికే వచ్చేవాడు. మెడ వంగిన సాయంత్రమే, డ్యూటీ కబురు తెచ్చే కాల్ బాయ్ పుస్తకం పట్టుకొని వచ్చాడు, రాత్రి గూడ్సుకు డ్యూటీ. నాయన సంతకం పెట్టి, పెట్టె సర్దుకొని పోయాడు. ఆ రాత్రి మేమందరం చూశాం. నాయన తిరిగొచ్చేసరికి పువ్వు వాడి తల వేలాడేసి ఉంది. ఏమీ అనలేదు. వాడిన పువ్వును అరచేతిలో పెట్టుకొని కేసరాలన్నీ విడదీసి చూసుకున్నాడు.

రాత్రి పూసే పువ్వు, రాత్రి డ్యూటీల మనిషి. చాలాసార్లు అట్లానే తప్పిపోయింది. చివరికి ఒక శ్రావణంలో, మొగ్గలు గుంపుగా వేసినప్పుడు, తోటి గార్డు ఒకాయన కాల్ బాయ్ వెంటే మా ఇంటికొచ్చి, "నువ్వు ఉండన్నా, ఈ బండికి నేను పోతా. పూలు సూడు" అన్నాడు. ఆయన ముందు రోజే డ్యూటీ దిగిన మనిషి. ఆ మంచితనం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఆ రాత్రి వైరు లాగి వరండాలో బల్బు పెట్టారు. కాలనీలో తెలుగువాళ్ళు, కన్నడిగులు, తమిళులు, మలయాళీలు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు, అందరూ చాపలేసుకొని కూర్చున్నారు. అమ్మ బొరుగులు తిరగమోత పెట్టింది. ఎనిమిది దాటినాక బయటి సన్న రేకులు ఒక్కొక్కటే మొగ్గను వదిలి వెనక్కి వాలాయి. అవి వదిలేటప్పుడు మొగ్గ చిన్నగా అదురుతుంది, కంటికి కనిపిస్తుంది. తొమ్మిదిన్నరకు లోపలి తెల్ల రేకులు విచ్చుకొని, గొంతులో కేసరాల గుంపు, వాటి పైన నక్షత్రం ఆకారంలో ఒక్క కాడ బయటపడింది. వాసన ఒక్కసారి వచ్చి పెరడంతా నిండింది. పదకొండుకు పూలన్నీ పూర్తిగా విచ్చుకున్నాయి. ఎవరో కొబ్బరికాయ కొట్టారు, అమ్మ కుండీకి పసుపు కుంకుమ పెట్టింది.

నాయన అందరికీ ఉన్నమాట చెప్పాడు. హిమాలయాల్లో మూడు వేల మీటర్ల పైన పూసే అసలు బ్రహ్మకమలం వేరే, ఉత్తరాఖండ్ వైపుది, ఇది మెక్సికో నుంచి వచ్చిన జెముడు అని. అవ్వ విని, "యాడిదైతే ఏముంది నాయనా, మన ఇంట్లో పూసింది కదా" అని దండం పెట్టుకుంది. ఆ రాత్రి నాయన పడుకోలేదు. తెల్లారి రేకులు ముడుచుకునేదాకా కుర్చీ వేసుకొని దాని ముందే కూర్చున్నాడు.

రిటైరయ్యాక అనంతపురంలో ఇల్లు కట్టుకున్నాం. అక్కడ బోరు నీళ్ళు. కొన్ని నెలలకే ఆంథూరియం ఆకుల కొసలు మాడాయి, కుండీల అంచున తెల్లటి ఉప్పు పేరుకుంది. నాయన మిద్దె కొలిచాడు. గార్డు జర్నల్ రాసిన చెయ్యి కదా, కాగితం మీద లెక్క వేసి చూపించాడు. వంద చదరపు మీటర్ల మిద్దె, 550 మిల్లీమీటర్ల వాన, అంటే ఏడాదికి 55 వేల లీటర్లు. "వాన లేదు లేదంటాం. మన మిద్దె మీదనే ఇంత పడతాంది సూడు" అన్నాడు. గొట్టం దింపి, గుడ్డ కట్టి, డ్రమ్ముల్లో పట్టడం మొదలుపెట్టాడు. ఆంథూరియం, ఆర్కిడ్ ఆ నీళ్ళ మీదే నడిచాయి. తరువాత కడియం నర్సరీల నుంచి అడీనియం వచ్చింది. ఆఫ్రికా, అరేబియా ఎడారుల మొక్క, కాండంలోనే నీళ్ళు దాచుకుంటుంది. దానికి మన ఎండ ఎంత ఇష్టమో! దాని పాలు మాత్రం విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవాళ్ళు. పిల్లలున్న ఇంట్లో అందేచోట పెట్టొద్దు.

నాయన పోయినాక మొక్కల పని నాకొచ్చింది. శ్రావణం వస్తే బ్రహ్మకమలం ఆకు కావాలని చాలామంది అడుగుతారు. ఇస్తాను, అందరికీ ఒకే మాట చెప్తాను. ముదురు ఆకు జానెడు కోసి, కోసిన చోట ఆరేదాకా వారం నీడలో పడేయండి. ఇసుక సగం కలిపిన మట్టిలో రెండు అంగుళాలు గుచ్చండి. వేర్లు పట్టేదాకా నీళ్ళు చిలకరిస్తే చాలు, పొయ్యొద్దు. ఎండాకాలం పదకొండు దాటితే దాని మీద ఎండ పడనివ్వొద్దు. ఎరువు ఎక్కువైతే ఆకులే పెరుగుతాయి, మొగ్గ రాదు. రెండో ఏటో మూడో ఏటో పూస్తుంది. మొగ్గ కనిపించినాక కుండీని జరపొద్దు, చోటు మారితే రాలిపోతుంది. మొగ్గ మెడ పైకి వంగిన రోజు పక్కిండ్లవాళ్ళను పిలవండి. మీ ఇంట్లో ఎవరికైనా ఆ రాత్రి డ్యూటీ ఉంటే, ఎట్లన్నా చేసి మార్పించండి.